అమ్మ ఎక్కే కారు

రిటైరవబోయే వయసులో మా బావ స్ప్రింగులు మార్పించి కారుని నేలబారుగా దించితే, మా ఖుర్సీపార్ బస్తీ కుర్రాళ్ళంతా ఇదేం షోకని నవ్వారు. పక్షవాతం వచ్చాక బావ వాళ్ళమ్మ కాలు పైకెత్తి కారెక్కలేకపోయేది. ఎవరో ఎత్తి కూర్చోబెట్టడం ఇష్టంలేక, ఆవిడ బయటికి రావడమే మానేసింది.

కారు ఇంకాస్త దిగాలని ఆయన ఎత్తు తక్కువుండే పలచటి లో-ప్రొఫైల్ టైర్లు ఎంచుకున్నాడు.

"గుంతలో పడితే రిమ్ము పోతాది భయ్యా," అన్నాడు షాపతను.

"నాను మెల్లగా నడుపుతాను. నువ్వు బిగించు."

ఇంటికొచ్చి, వాళ్ళమ్మని పిలిచి, కారు తలుపు తీసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నేను సాయానికి కదిలితే "ఉండు" అన్నాడు. ఆవిడ సీటు పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ లోపల కూర్చుంది.

"నానే ఎక్కీసాను రా!"

ఆయన నవ్వాడు. వీపు వెనక ఆ చేతులు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకున్నాయో నేనొక్కడినే చూశాను.