ఎలక కోసం తవ్విన మగ్గం గుంత

ఎలకలంటే ఎంత భయమో మగ్గాలున్న ఇండ్లల్లో వాళ్లకే తెలుస్తుంది. పడుగుకు పోసిన పట్టుదారాన్ని ఒక్కపూట కొరికిపెట్టినాయంటే పడిన కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. అందుకే ధర్మవరంలో మా ఇంట్లో మగ్గం గుంత పక్కన ఎలకల మందు ఎప్పుడూ ఉండేది. అరవైలు మొదలైన కొత్తల్లో ఒక ఎండాకాలం ఇంట్లో కుళ్లు వాసన లేసింది. ఇంకేముంది, మందు తిన్న ఎలక గుంతలో యాడో చచ్చిండాదనుకొంటిమి.

నేను, మా అత్త గుంత అడుగంతా గీకి ఎత్తిపోసి పేడతో అలికినాము. సాంబ్రాణి వేసినాము. వాసన పోలేదు. అప్పుడు మా ఆయనే పార తెచ్చి, "గోడ బొక్కలో చచ్చిండాదిలే" అని గుంత గోడ తవ్వబట్టినాడు. నొప్పికి పెదవి కొరుక్కుంటా తవ్వినాడు. ఆ వాసన యాడనుంచి వస్తాందో ఇంట్లో తెలిసిన మనిషి ఆయనొక్కడే! తల్చుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఓరి దేవుడా, అంత సిగ్గా మనిషికి?

పీట మీద కూర్చొని, కాళ్లు గుంతలోకి వదిలి, పొద్దు పొడిచినప్పటి నుంచి దీపాలు పెట్టేదాకా నేసే పని. కూర్చునేచోట సెగ్గడ్డలు లేవడం నేతగాళ్లకు కొత్త కాదు. ఆముదం రాసుకొని, పండ్లు బిగబట్టి నేస్తారు. ఆయనకు లేసింది బీజాల కింద. మగ్గం మీదేమో పెండ్లి చీర. సగం చీరలో మగ్గం దిగకూడదని మావాళ్ల పట్టింపు. మధ్యలో ఇంకొకరి చెయ్యి పడితే నేత మారిపోతుందంటారు. ఆయన అట్లే ఒక పక్కకు ఒరిగి కూర్చొని నేస్తాండాడు. "ఏమయ్యా, నడుము పట్టిందా?" అంటే "ఊఁ" అనేవాడు.

చీర దించిన దినమే మనిషి పడిపోయినాడు. ఒళ్లు పెనం మాదిరి కాలిపోతాంది, మాట తడబడతాంది. బట్ట మార్చబోతే రెండు చేతులా పంచె పట్టుకున్నాడు. ఆ చేతులు విడిపించి చూసినాను. చెప్తా, దాచేదేముంది? బీజాల సంచి వాచి, చర్మం నల్లగా మాడిపోయిండాది. తొడల మధ్యనంతా చీము. ఆ వాసన ఇదే. గడపకాడ నుంచి మా అత్త, "ఏమమ్మీ, దొరికిందా ఎలక?" అని అడిగింది. నేను గోడకు తల కొట్టుకున్నాను.

పొద్దున రైలుకు నేను, మా మరిది ఆయన్ను ఎక్కిచ్చుకొని పెనుకొండలో దిగినాము. ఆసుపత్రిలో ఆ పూట ఉండింది లేడీ డాక్టరు. "పంచె తియ్యప్పా, చూడనీ" అని ఆయమ్మ నెమ్మదిగానే అనింది. అంత జరంలోనూ యాడిదో బలం వచ్చి, ఈ మనిషి బల్ల దిగి వాకిలి పట్టినాడు. "ఆడమనిషికి చూపించి బతకాల్నా?" అంటాడు. మరిది కూడా అన్నకే వంత. నేను తిట్టినాను, ఏడ్చినాను, కాళ్లు పట్టుకున్నాను. "నీ మానం ఎవరిక్కావాలయ్యా, నీ ప్రాణం కావాల నాకు!" ఎవరు వింటారు? డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, "హిందూపురమన్నా తీస్కపోమ్మా. ఇంకా ఆలస్యమైతే దక్కడు" అనింది.

సాయంత్రం బండిదాకా స్టేషన్లో పడిగాపులు. ఆ నలుపు పొత్తికడుపు మీదికి పాకింది. నేను పంచె తొలగించి చూస్తాంటే ఈసారి ఆయన చెయ్యి అడ్డం రాలేదు. అప్పుడే నాకు ఆశ పోయింది.

హిందూపురంలో మగ డాక్టరు. చూస్తానే "ఇన్నాళ్లు ఏం చేస్తాంటిరి?" అని మండిపడినాడు. ఒంట్లో చక్కెర జబ్బుండాదని, అందుకే గడ్డ కుళ్లి చర్మం కిందే పాకిందని చెప్పినాడు. కుళ్లినదంతా కోసి తీసేసినాడు. పెన్సిలిన్ సూదులు వేసినారు. కట్టు విప్పితే కింద చర్మమనేదే లేదు, ఎర్రటి మాంసం. ఆయన అరుపులకు వార్డులో వాళ్లు చెవులు మూసుకునేవాళ్లు. తెలివి వచ్చినప్పుడల్లా ఒకటే మాట. "ఊర్లో చెప్పొద్దమ్మీ. జరమని చెప్పు." ఒక దినం కట్టు మారుస్తాండంగానే ప్రాణం పోయింది.

పరామర్శకు వచ్చినోళ్లకు మా అత్త, మరిది "విషజ్వరం" అని చెప్తాండారు. నేను మూలన కూర్చొని వింటాండాను. ఎదురుగా చాప మీద ఉండేవాళ్లంతా నేతగాళ్లే. పొద్దస్తమానం పీట మీద కూర్చునేవాళ్లే. నాకు ఒళ్లు మండిపోయింది. "జరం కాదు" అని గట్టిగా అన్నాను. యాడ గడ్డ లేసిందో, ఎట్ల కుళ్లిందో అంతా చెప్పేసినాను. మా అత్త నోరు నొక్కుకునింది. మగవాళ్లు తలలు వంచుకొని ఒక్కొక్కరే లేచిపోయినారు.

వీధి చివరింటామె మాత్రం పోలేదు. నా పక్కన కూలబడి, "మా ఆయన పీట మీద కూర్చోలేక గుంతలో నిలబడే నేస్తాండాడక్కా. ఏమని అడిగితే కసురుతాడు" అనింది.

మొగుడు పోయిన ఆడది కర్మలు తీరందే గడప దాటకూడదు. నేను లేచి ఆమె వెంట పోయినాను. ఆమె అత్త వాకిట్లో అడ్డం నిలబడి, "నా కొడుక్కు ముండమోపి మొగం చూపిస్తావా?" అని శాపనార్థాలు పెట్టింది.

"నా మొగం చూస్తే చస్తాడో లేదో గానీ, అవ్వా, గడ్డ చూపీకపోతే చస్తాడు" అని ఆమెను జరిపి లోపలికి పోయినాను.

నన్ను చూసి ఆ మనిషి మొగం పక్కకు తిప్పుకున్నాడు. "మూరెడే ఉండాదక్కా. రేపు చీర దించి ఆసుపత్రికి పోతాలే" అన్నాడు.

కిటికీలో ఉన్న కత్తెర తీసుకొని నేను మగ్గం మీది పడుగు దారాలను అడ్డంగా కోసేసినాను. ఇంట్లో అందరూ ఒక్కసారిగా కేకలు పెట్టినారు.

"దిగింది చీర" అన్నాను. "లెయ్యప్పా, పెనుకొండ బండికి టైమవుతాంది."