నలభై ఒకటో టెంప్లేట్

నీటి సరఫరా ఆఫీసులో ఆవిణ్ణి అందరూ మార్జినమ్మ అనేవారు. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ దండం పెట్టాలి. ఉత్తరంలో ఎడమ పక్క వరస రవ్వంత జరిగినా ఆవిడకి ఆ పూట నిద్ర పట్టదు. పదకొండేళ్లుగా అక్కడ కంప్యూటర్ ఆపరేటరు. పదకొండేళ్లూ కాంట్రాక్టే. కంప్యూటర్ మూడుసార్లు మారింది, మేనేజర్లు ఐదుగురు మారారు, ఆవిడ కాంట్రాక్టు మాత్రం కాంట్రాక్టుగానే ఉండిపోయింది.

పర్మినెంటు కావాలన్న ఆశ హోదా కోసం కాదు. పిత్తాశయంలో రాళ్లున్నాయి, ఆపరేషను చేసి మూడు వారాలు మంచం మీదే ఉంచాలన్నాడు డాక్టరు. పర్మినెంటు వాళ్లకి జబ్బు సెలవు ఉంటుంది. కాంట్రాక్టు మనిషి వరసగా పది రోజులు రాకపోతే కాంట్రాక్టే పోతుంది. అందుకని రెండేళ్లుగా రాళ్లు పొట్టలో పెట్టుకునే ఆఫీసుకు వస్తోంది.

ఈసారి మాత్రం ఆశ గట్టిగా పుట్టింది. ఎవరో జాలిపడి పుణ్యం కట్టుకున్నారనుకునేరు, అదేం కాదు. కాంట్రాక్టు పొడిగించాలంటే మేనేజరు ఏటా ఆరు పేజీల నోటు రాయాలి, పదకొండు కాగితాలు జతచెయ్యాలి. అవి పై ఆఫీసు నుంచి రెండు మూడుసార్లు తిరిగొచ్చి ఆయన ప్రాణం తోడేసేవి. ఒకరోజు ఆయన పెన్ను బల్లమీద పడేసి, "ఏటేటా ఈ గోల నావల్ల కాదమ్మా. ఒక్కసారి కష్టపడి నిన్ను పర్మినెంటు చెయ్యమని రాసిపారేస్తాను, పీడ వదుల్తుంది" అన్నాడు. పీడ అన్నది తననే అయినా మార్జినమ్మకి ఆ మాట అమృతంలా ఉంది. ఆ సాయంత్రమే ఫైలు తెరిచారు కూడా.

సరిగ్గా అప్పుడే వాచ్‌మన్ చచ్చిపోయాడు. కాగితం మీదే లెండి. ఆ ఆఫీసులో ఉత్తరం రాయడమంటే పాత ఉత్తరం తెరిచి పేరు మార్చడమే. వాచ్‌మన్ వారం సెలవు అడిగితే, గుమాస్తా తను తెరిచిన పాత ఉత్తరం ఏమిటో చూసుకోకుండా పేరు మార్చి పంపేశాడు. "ఆయన అకాల మరణం మా సంస్థకు తీరని లోటు" అంటూ అది వాచ్‌మన్ ఇంటికి చేరింది. ఆ మనిషి దాన్ని పట్టుకుని నడుచుకుంటూ వచ్చి, "అయ్యా, నేనింకా ఉన్నాను. సెలవు సంగతి చూడండి" అన్నాడు.

పై ఆఫీసు గడ్డి పెట్టింది. నెలలోగా ప్రతి ఉత్తరానికీ టెంప్లేట్ ఉండాలంది. ఖాళీలు నింపడం తప్ప ఇంకేం ముట్టుకోకూడదంది. ఆ పని మార్జినమ్మ నెత్తిన పడింది. ఆవిడకి ఏనుగెక్కినంత సంబరం. సంస్థ ముద్ర అన్నిట్లోనూ ఒకే చోట, పేజీ నంబరు కింద, తేదీ దానంతటదే. నింపాల్సిన చోట బూడిదరంగు పెట్టె, మిగతాదంతా తాళం. సెలవు లేఖలోకి సంతాపం దూర్చడం ఇక ఎవడి తరమూ కాదు. స్పేస్‌బార్ నొక్కి నొక్కి శీర్షికని మధ్యకి తోసే గుమాస్తా కూడా ముక్కున వేలేసుకున్నాడు. అలా నలభై పూర్తయ్యాయి.

ఇక మిగిలింది కాంట్రాక్టు పొడిగింపు. ఇంట్లో మొగుడికి చెప్పింది. ఆయన టైలరు. కాజా కుడుతున్నవాడల్లా ఆగి, "అదొక్కటీ వదిలెయ్యవే. ఆ కష్టం పడలేకే కదా ఆయన నిన్ను పర్మినెంటు చేస్తానన్నాడు. కొరివితో తల గోక్కుంటావా?" అన్నాడు.

"నలభై చేసి ఒకటి వదిలేస్తే చూసేవాళ్లేమనుకుంటారండీ? మీరు చొక్కా కుట్టి ఒక చెయ్యి వదిలేస్తారా?"

ఆయన మళ్లీ కాజా మీదికి వంగాడు. మార్జినమ్మ గెలిచింది. పనిమంతురాలి పొగరు అలాగే ఉంటుంది, ఎవరు చెప్పినా వినదు.

అన్నిటికన్నా దాన్నే ముద్దుగా చేసింది. ఆరు పేజీలు ఒక్క పేజీ అయ్యాయి. పేరు జాబితాలోంచి ఎంచుకుంటే చాలు, పదకొండు జత కాగితాలూ వాటంతటవే వచ్చి చేరతాయి. పై ఆఫీసు వాళ్లు చూసి, ఇక ఇలాగే పంపండి, వెనక్కి తిప్పం అన్నారు.

నెలాఖరున మేనేజరు తనే కూర్చుని నొక్కి చూశాడు. మార్జినమ్మ కుర్చీ పక్కన నిలబడింది. జాబితాలో ఉన్నది ఒక్కటే పేరు, దాన్నే నొక్కాడు. కాగితాలు బయటికొచ్చాయి. "రెండు నిమిషాలు కూడా పట్టలేదమ్మా" అన్నాడు, మొహం ఇంత చేసుకుని.

"సార్, నా పర్మినెంటు ఫైలు..."

"ఇంకెందుకమ్మా అది? పంపితే ఆర్నెల్లు దాని చుట్టూ తిరగాలి. పొడిగింపుతో వేగలేక అటు పోదామనుకున్నాను. ఇప్పుడా బాధే లేదుగా, అంతా నీ చలవ."

ఆయన మాటలో వెటకారం లేదు. మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాడు, అదింకా ఘోరం. సంవత్సరం పెట్టెలో బాణం నొక్కుతూ పోయి, "అబ్బో, పదేళ్లకి సరిపడా పెట్టేశావే. ముందుచూపంటే నీదమ్మా" అన్నాడు.

పదేళ్లకి తనకి యాభై నాలుగు. చెయ్యి దానంతటదే డొక్క మీదికి పోయింది. మేనేజరు తన సంతకం చేసి కాగితం ఇటు తిప్పాడు. ఒక్క తప్పు దొరికినా కాదని వెనక్కిచ్చేద్దామని ఆవిడ రెండుసార్లు చదివింది. పేరు సరిగ్గా ఉంది. తేదీ సరిగ్గా ఉంది. "పై షరతులన్నిటికీ సమ్మతిస్తున్నాను" అన్న మాట కింద గీత ఎంత పొడుగుండాలో అంతే ఉంది. సంతకం పెట్టింది.