మూడో గది పిలుపు

రాసిన ప్రతి లైనూ రెండుసార్లు చూసుకునే ప్రోగ్రామరామెను ఆఫీసులో అందరూ చాదస్తం పిన్ని అంటారు. ఆసుపత్రిలో నర్సును పిలిచే బటన్లకు ప్రోగ్రాం రాసింది ఆమే. వాటిని బిగించిన మర్నాడే అక్కడి నర్సు ఫోన్లో మండిపడింది.

"ఎవరు నొక్కినా పన్నెండో గదే చూపిస్తోంది! మూడో గది పెద్దావిడ గంట నుంచి నొక్కుతూనే ఉందట!"

కోడ్ తెరవగానే పిన్నికి తప్పు కనబడింది. ప్రతి బటనూ తన గది నంబరు గుర్తుంచుకుంటుందనుకుంది. కానీ అన్నీ బయటున్న ఒకే వేరియబుల్‌ను, అంటే నంబరు దాచే ఒకే డబ్బాను, పట్టుకున్నాయి. ఒక్కో గది నంబరునూ వరసగా అందులో వేసే లూప్ ముగిసేసరికి మిగిలింది చివరి గది నంబరు పన్నెండే. ప్రతి బటనుకూ సొంత వేరియబుల్ ఇచ్చి సరిచేసి, ఆసుపత్రిలో మూడో గదికి పరుగెత్తింది.

"తప్పు నాదే, అమ్మమ్మా."

"నాకే నొక్కడం రాలేదనుకున్నానమ్మా," అంది పెద్దావిడ, ఎండిన పెదాలతో.

పిన్ని గ్లాసులో నీళ్ళు పోసి అందించింది.