నాయన చేత్తో వదిలించిన చేపలు

మొన్న మనవరాలి పోరు పడలేక అనంతపురంలో కొత్తగా పెట్టిన చేపల అంగడికి పోయాను. ఇంట్లో గాజుతొట్టి పెట్టుకుని రంగురంగుల చేపలు పెంచుకోవడం ఇప్పుడు మా వైపు కూడా మామూలైపోయింది, దానికి నేనేమీ అనను, ఎవరి సరదా వారిది. కానీ ఆ అంగట్లో అడుగుపెట్టగానే నాకు ముందు కనపడింది చేప కాదు, సెలైన్ గొట్టం. ఆసుపత్రిలో పెట్టేదే, పెద్ద తొట్టిలోంచి కింద ఉన్న బక్కెట్లోకి వేలాడుతోంది, నడుమ ఒక ముడి, ఆ ముడి దాటి ఉప్పునీళ్ళు చుక్క తరువాత చుక్కగా పడుతున్నాయి, బక్కెట్లో అప్పుడే మద్రాసు నుంచి దిగిన సముద్రపు చేపలు నాలుగు ఒక పక్కకు నక్కి ఉన్నాయి. వాటి కోసం కారేసుకుని వచ్చిన ఒకాయన తొందరపెడుతుంటే అంగడి నడిపే ఆడమనిషి, "ఇంగా రెండు గంటలు ఆగల్లన్నా, ఆగలేకుంటే ఇంగో అంగడి చూసుకో" అని మొహం మీదే చెప్పేసింది. ఆయన గొణుక్కుంటూ బయటికి పోయాడు. నేను అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాను. ఎండదెబ్బేమో అనుకుని మనవరాలు నీళ్ళసీసా తెచ్చి ఇచ్చింది.

ఎండదెబ్బ కాదు. పాతికేళ్ళ కిందట ధర్మవరంలో సరిగ్గా అలాంటి గొట్టానికి అలాంటి ముడే వేసినదాన్ని నేను. మా ఊరి సముద్రపు చేపల సంగతి నా ఈడువాళ్ళలో కొందరికి గుర్తుండే ఉంటుంది, అయితే గుర్తున్నవాళ్ళందరికీ తప్పుగా గుర్తుంది. ఆ తప్పును ఇన్నేళ్ళూ అలాగే ఉండనిచ్చింది కూడా నేనే.

మా నాయన మగ్గం నేసేవాడు కాదు, పడుగులు అతికేవాడు. మగ్గం మీద పరిచిన నిలువుపోగుల పడుగు ఒకటి అయిపోయి కొత్తది ఎక్కించేటప్పుడు పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలను, వేలకు వేలు, వేళ్ళకు బూడిద అద్దుకుంటూ ఒక్కొక్కటే మెలిపెట్టి కలపాలి, రెండు రోజులు నడుము వంచి కూర్చునే పని, ఒక్క పోగు తప్పినా చీర పొడుగునా గీత పడుతుంది. ఆ పని తెలిసినవాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నా, కొత్తగా మగ్గం పెట్టినవాళ్ళూ, పెళ్ళిచీరకు పడుగు ఎక్కించేవాళ్ళూ మా నాయన కోసమే కబురు పంపేవాళ్ళు, ఎందుకంటే ఆయన చెయ్యి మంచిదని పేరు. ఆయన చెయ్యి పడిన మగ్గం ఊరికే ఉండదని నమ్మకం. తొలిపోగు అతికే ముందు పీట వేసి, తువ్వాలూ ఆకూవక్కా చేతిలో పెట్టేవాళ్ళు. నాయన మహా నెమ్మదస్తుడు, పోగును తొందరపెట్టొద్దు అని తప్ప నాకు వేరే బుద్ధులేవీ చెప్పిన మనిషి కాదు.

నేనేమో పట్టుచీరల శావుకారు ఒకాయన అంగట్లో చీరలు మడతపెట్టే పనికి పోయేదాన్ని. పట్టు ధర పెరిగి మా ఆయన మగ్గం నెలలో సగం రోజులు ఖాళీగా ఉండేది, ఇద్దరు పిల్లలు, నా జీతంతోనే పొయ్యి వెలిగేది. ఆ శావుకారు బెంగళూరులో ఏదో పెద్ద హోటల్లో గోడంత గాజుతొట్టిలో సముద్రపు చేపలను చూసి వచ్చి, తాను కట్టిస్తున్న మూడంతస్తుల కొత్త అంగట్లో అలాంటిదే ఉండాలని పట్టుపట్టాడు. కొళాయిలో వారానికొకసారి నీళ్ళొచ్చే ఊళ్ళో ట్యాంకర్లు తెప్పించి, ఆ నీళ్ళు వడగట్టించి, పొట్లాల్లో వచ్చిన సముద్రపు ఉప్పు అందులో కలిపించాడు. ట్యాంకరు వచ్చినప్పుడల్లా ఎదురుగా ఖాళీ బిందెలతో నిలబడిన ఆడవాళ్ళు, "మనకు తాగను నీళ్ళు లేవు, ఆయప్ప నీళ్ళకు ఉప్పేసి చేపలకు పోస్తాండాడు" అని తిట్టేవాళ్ళు. శావుకారు పడాల్సిన ఆ తిట్లు నేను పడ్డాను, ఎందుకంటే తొట్టిని చూసుకునే పని నాకే అప్పగించారు. పడుగులు అతికేవాని కూతురు గదా, ఓపికుంటుందిలే అన్నాడట మహానుభావుడు.

మొదటిసారి వచ్చిన నాలుగు చేపలను సంచీ విప్పి తొట్టిలో కుమ్మరించాం, మరునాటికి నాలుగూ పోయాయి. పంపిన మద్రాసు మనిషి ఫోనులో తల బాదుకుని, ప్రయాణానికి తాము ఉప్పు తగ్గించిన నీళ్ళు పోసి పంపుతామనీ, తొట్టిలో ఉప్పెక్కువ కాబట్టి ఆ తేడా ఒక్కసారిగా తగిలితే చేప తట్టుకోలేదనీ వివరంగా చెప్పాడు. ముందు సంచీని అలాగే తొట్టిలో తేలేసి వేడి సమానం కానివ్వాలి, తరువాత చేపలను సంచీ నీళ్ళతో సహా బక్కెట్లోకి దించి, లైట్లు ఆర్పి, తొట్టినీళ్ళు చుక్క చుక్కగా కలుపుతూ మూడు నాలుగు గంటలు కాచుకోవాలి. కాంపౌండరును బతిమాలి ఒక సెలైన్ గొట్టం తెచ్చుకున్నాను. ముడి ఎంత బిగిస్తే ఎన్ని చుక్కలు పడతాయో నా వేళ్ళకు ఒక పూటలో పట్టుబడింది. రెండోసారి వచ్చిన నాలుగూ బతికాయి. ఆ సాయంత్రం నాయన దగ్గరికి పోయి సంబరంగా అంతా చెబితే, ఆయన తల ఊపుతూ విని, "అది గూడా అతకడమే గదా పాపా" అన్నాడు. నా పనిని ఆయన మెచ్చుకోవడం అదే మొదలు.

అవి బతికిన ధైర్యంతో శావుకారు కొత్త అంగడి తెరిచే రోజుకు పన్నెండు చేపలు తెప్పించాడు. ముహూర్తం పగలు పదకొండుకు. రైల్లో గుత్తికి వచ్చే పెట్టెను జీపులో ఆరింటికల్లా తెచ్చేస్తామన్నారు, ఆరింటికి వస్తే నాకు చాలు. రైలు ఆలస్యమై జీపు వచ్చేసరికి తొమ్మిదిన్నర అయింది, సంచీలు తేలేసి గొట్టం పెట్టేసరికి పది. ఉప్పు కొలిచే గాజుగొట్టం ముంచి చూస్తే సంచీ నీళ్ళకూ తొట్టినీళ్ళకూ పొంతనే లేదు. పరుగున పోయి, ఇప్పటికి ఆ పాత నాలుగు చేపలను చూపించండి, వీటిని మధ్యాహ్నం వదులుదాం అని శావుకారుతో చెప్పాను. "ముహూర్తం నీ చేపల కోసరం నిలబడుతుందా? పదకొండుకు నీళ్ళల్లో పడల్ల. నీకు చేతగాకుంటే చెప్పు, చేతనయ్యేవాళ్ళను తెచ్చుకుంటా" అన్నాడు. అని పోతూ పోతూ, చేపలను వదిలేది మీ నాయనే, మంచిచెయ్యి గదా అని పిలిపించినాను అన్నాడు.

నాయన ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. ఊళ్ళో పెద్దలంతా చుట్టూ నిలబడ్డారు, శావుకారు ఆయన భుజాన కొత్త తువ్వాలు వేశాడు. గొట్టంలోంచి ఇంకా చుక్కలు పడుతూనే ఉన్నాయి, తొట్టినీళ్ళు బక్కెట్లో పావువంతు కూడా కలవలేదు. నాయన ఆ గొట్టాన్ని చూశాడు, తరువాత నన్ను చూశాడు. "ఏం పాపా, వదలొచ్చునా?" అని అడిగాడు.

"వదులు నాయనా" అన్నాను.

పని పోతుందన్న భయంతో అన్నాను, అది నిజమే. కానీ ఒట్టి భయమే అని చెప్పుకుంటే అది ఇంకో అబద్ధం. జన్మంతా పరాయి మగ్గాల ముందు వంగి కూర్చున్న మనిషిని అంతమంది పెద్దలు నిలబడి చూస్తుంటే నాకు లోపల్లోపల గర్వంగా ఉంది, అది చెడగొట్టుకోబుద్ధి కాలేదు. నాయన ఒక్కొక్క చేపనూ గిన్నెలోకి తీసుకుని, గిన్నెను నీళ్ళ మీద వంచి, అది తనంతట తాను జారిపోయేదాకా కాచుకుని వదిలాడు. పసుపువి, నీలంవి, నారింజ రంగు మీద తెల్లపట్టీలవి. జనం చప్పట్లు కొట్టారు. నాయన నవ్వితే ఎలా ఉంటాడో తలచుకోవాలంటే నాకు ఇప్పటికీ ఆ రోజే గుర్తొస్తుంది.

సాయంత్రానికి ఒకటి అడుగున ఒరిగిపోయి రొప్పింది. మరునాటి పొద్దుటికి పన్నెండూ పోయాయి. పాత నాలుగు మాత్రం వాటి మధ్యలోనే నిక్షేపంగా తిరుగుతున్నాయి, ఊరికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? "కూతురు వదిలినవి బతికినాయి, ముసలాయన వదిలినవి సచ్చినాయి" అన్నారు. ఆయప్ప చెయ్యి పోయిందప్పా అని శావుకారు తన అంగట్లోనే, నేను వింటుండగానే, చీరలు కొనను వచ్చినవాళ్ళతో అన్నాడు. చీర మడతపెడుతున్న నా చేతులు ఆగలేదు. ఉప్పు తేడా, వదలమన్నది నేను, ఆగలేనిది మీరు అని మూడు ముక్కలు అనడానికి నాకు నోరు రాలేదు. తప్పు నాయన చేతి మీదికి పోయింది కాబట్టే నా పని నాకు నిలిచింది, మూడేళ్ళు ఆ తొట్టిని కడిగి ఆ జీతం తిన్నాను.

కొత్త మగ్గాలవాళ్ళు ముందు మానుకున్నారు, తరువాత పెళ్ళిచీరలవాళ్ళు, ఏడాది తిరిగేలోగా ఎవరూ పిలవలేదు. ఎవరూ ఒక మాటైనా అనలేదు, పిలవడం మానేశారు, అంతే. నాయన మాత్రం రోజూ స్నానం చేసి, బూడిద పొట్లం రొండిన దోపుకుని, వాకిట్లో కూర్చునేవాడు. మధ్యాహ్నం దాటాక లేచి పొట్లం గూట్లో పెట్టేవాడు.

అంతలో మా ఇంట్లోనే మగ్గానికి పడుగు అయిపోయింది. మా ఇంట్లో ఎప్పుడూ అతికేది నాయనే. పీట వేసి, తువ్వాలు తెచ్చి, నేనే పోయి పిలుచుకొచ్చాను, ఈ వంకతోనైనా ఆయన చేతికి పని దొరుకుతుందని, నేను చేసినదాన్ని అలా దిద్దుకోవచ్చని. ఆయన వచ్చి మగ్గం ముందు నిలబడి, వేలాడుతున్న పాత పోగుల కొసలను చాలాసేపు చూశాడు. చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుని పంచెకు తుడుచుకున్నాడు. "వేరే చెయ్యి పిలుచుకో పాపా. నీ మగ్గం బాగుండల్ల" అన్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది. నాయనా, నీ చెయ్యి కాదు, నా మాట అని చెప్పాల్సింది. చెబితే నన్ను ఏ మొహంతో చూస్తాడో అని నోరు మూసుకున్నాను, ఆయన కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. మరునాడు ఎవరో పరాయివాడు వచ్చి మా పడుగు అతికాడు. నాయన ఆ తరువాత ఏడేళ్ళు బతికాడు, ఒక్క పోగు ముట్టలేదు, తన చెయ్యి చెడిపోయిందని నమ్ముకునే పోయాడు.

ఇప్పుడు మా ఊళ్ళో మరమగ్గాల చప్పుడు, పడుగులు అతకడానికి కూడా యంత్రం వచ్చింది, అది ఎవరి చెయ్యి అని ఎవరూ అడగరు. చెయ్యి మంచిదనీ చెడ్డదనీ అనే మాటే మరుగునపడింది, పడితే పడింది, పీడ పోయింది. కానీ ఆ మాట పోయాక కూర్చుని నేను ఎవరికి చెప్పుకోను? శావుకారు అంగడి చేతులు మారింది, ఆ తొట్టి ఉన్నచోట ఇప్పుడు చెప్పులు వదిలే అర ఉంది.

అనంతపురం అంగట్లో ఆమె, ఏమ్మా అట్ల చూస్తాండావు, నీకు గూడా చేపలు కావల్లనా అని నవ్వుతూ అడిగింది. వద్దన్నాను. మనవరాలు పోదామని చెయ్యి లాగుతున్నా, బక్కెట్లో ఉప్పు సమానమయ్యేదాకా, చివరి చేప తొట్టిలోకి పోయేదాకా కదలకుండా కూర్చున్నాను. రెండు గంటలు, అంతే. నాయన జన్మలో నన్ను అడిగింది ఒకే ఒక్క మాట. దానికి నిజం చెప్పుంటే ఆ రోజు ఒక ముహూర్తం మించేది, అంతే.