పారిపోయాడా, పైకెక్కాడా

ఆ రోజుల్లో డిగ్రీ చేతికొచ్చినవాళ్ళకి కొంతకాలం నేల మీద కాళ్ళు ఆనేవి కావు. ఎనభైల మొదట్లో నరసరావుపేటలో బి.ఏ. పూర్తిచేసిన నాకైతే ఆ జబ్బు కాస్త ముదిరింది కూడా. (మార్కులు చూస్తే అంత ముదరాల్సిన పని లేదు గానీ, మా వీధిలో మార్కులు అడిగేవాళ్ళు లేరు.) దాచేపల్లి దగ్గర మా పెద్దమ్మ వాళ్ళ ఊళ్ళో వయోజన విద్యా కేంద్రానికి నన్ను టీచరుగా వేశారు. ఒక సంచీలో పలకలు, ఇంకో సంచీలో వాచకాలు పెట్టుకుని, ఊరంతటినీ ఉద్ధరించబోతున్నట్టు బస్సు దిగాను. ఆ ఉద్యోగం నిలబడకపోతే నోరెత్తకుండా పెళ్ళిచూపులకి కూర్చుంటానని మా నాన్నకి మాటిచ్చి మరీ వచ్చాను. అంతకుముందు గుంటూరులో ట్రైనింగు ఇచ్చినప్పుడు ఒక పెద్దాయన, "పెద్దవాళ్ళకి చదువు చెప్పేటప్పుడు ముందు పుస్తకం మూసెయ్యండమ్మా. వాళ్ళ ఊరి సంగతులు అడగండి, వాళ్ళ కథలు చెప్పించుకోండి. అక్షరాలు అందులోంచే తియ్యండి" అన్నాడు. నేను ఆ మాట నోట్సులో రాసుకుని, కింద గీత కూడా గీసి, శుభ్రంగా మర్చిపోయాను.

పంచాయతీ ఆఫీసు వరండాలో మధ్యాహ్నం మూడింటికి మా బడి. వచ్చేదంతా ఆడవాళ్ళే. తెల్లవారుజామున సున్నపురాయి క్వారీలో పనికి దిగి, ఎండ ముదిరేలోగా ఇల్లు చేరి, ఇంత వండి, తిని వచ్చేవాళ్ళు. మొదటిరోజు వరండా నిండిపోయింది. నేను వాచకం తెరిచి బోర్డు మీద 'పడవ' అని రాసి, పడవ ఎంత గొప్పదో చెప్పడం మొదలుపెట్టాను. మూడోరోజుకి ఆరుగురు మిగిలారు. అందులో ఒకావిడ గునపం అత్త. క్వారీలో మగవాళ్ళతో సమానంగా గునపం వేస్తుంది కాబట్టి ఊరంతా ఆమెని అలాగే పిలిచేవారు. ఆమె కాసేపు నా పడవని చూసి, "మేం ఎక్కేది లేదు, దిగేది లేదు. అది వస్తే ఏంది, రాకపోతే ఏంది అమ్మాయ్" అని స్తంభానికి ఆనుకుని నిద్రపోయింది. ఆ గురకకి తగ్గట్టు నేను గొంతు పెంచుకుంటూ పోయాను తప్ప పాఠం మాత్రం మార్చలేదు. ఇంతలో సూపర్‌వైజర్ గారు వచ్చి రిజిస్టరు చూసి, మళ్ళీ వరండా చూసి, "నెలాఖరుకి వస్తానమ్మా. పదిమందన్నా కూర్చుని చదవకపోతే సెంటర్ ఎత్తేస్తాం" అని చెప్పి వెళ్ళాడు.

పెళ్ళిచూపుల్లో పళ్ళెం పట్టుకుని నిలబడ్డట్టు అనిపించాక గానీ నాకు గీత గీసుకున్న మాట గుర్తురాలేదు. మర్నాడు పుస్తకం మూసేసి, "అత్తా, మీ ఊరి మంచినీళ్ళ బావి ఎవరు తవ్వారు?" అని అడిగాను. గునపం అత్త స్తంభం వదిలి నిటారుగా కూర్చుంది. కరువు సంవత్సరంలో ఊరంతా కలిసి తవ్వారట. రాయి తప్ప ఏమీ తగల్లేదట. అందరూ విసిగి మానేసినా, ఎప్పుడో కాలం చేసిన వాళ్ళ మామ ఒక్కడే రోజూ దిగి పొడిచేవాడట. ఒకరోజు బండ పగుల్లోంచి నీళ్ళు చిమ్మాయట. అక్కడ రేడియో పిన్ని అందుకుంది. (ఈమె ఆగకుండా మాట్లాడుతుంది, వేరే కారణం లేదు.) "చిమ్మగానే భయపడి, గునపం కూడా వదిలేసి నిచ్చెనెక్కి ఒకటే పరుగంట. మా అమ్మ కళ్ళారా చూసింది" అంది. అందరూ నవ్వారు. నాకది చానా బాగుందనిపించి, ఆ సాయంత్రం పెద్ద చార్టు మీద లావుపాటి అక్షరాలతో బావి కథ రాసి, మర్నాడు గోడకి అంటించి, రాగం తీస్తూ చదివాను. "నీళ్ళు రాగానే అతను పారిపోయాడు" అన్న చోట ఇంకాస్త రాగం తీశాను.

గునపం అత్త నవ్వలేదు. "మా మామ పారిపోలా. ఊరోళ్ళని పిలవటానికి పైకెక్కాడు. నువ్వు చూశావా రాయటానికి?" అని లేచి వెళ్ళిపోయింది. ఆమె వెనకే మరో నలుగురు వెళ్ళారు. మిగిలిన రేడియో పిన్ని కూడా పలక నా సంచీలో పెట్టేసి మెట్లు దిగింది. సెంటర్ ఎలాగూ పోయిందనుకున్నాను గానీ, ఆరోజు నన్ను బాధపెట్టింది అది కాదు. చచ్చిపోయిన మనిషి గురించి, నాకేమీ తెలియకుండానే, నలుగురూ నవ్వుతారని రాశాను.

మర్నాడు మూడింటికి నేను చార్టు చింపేద్దామని లేస్తుంటే గునపం అత్త వచ్చింది. "చింపమాకు. పారిపోయాడని ఏడ రాశావో చూపించు" అంది. చూపించాను. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టించి పలికించుకుంది. పా, రి, పో, యా, డు. బొటనవేలు నాలుకకి తాకించి, ఆ అక్షరాల మీద గట్టిగా రుద్దింది. చివరికి వచ్చేసరికి ఆగి, "పైకెక్కాడు అన్నా గూడా ఈ డు కావాల్సిందేగా?" అని అడిగింది. కావాలన్నాను. "అయితే దీన్ని ఉంచుదాం. ముందరయి నేర్పు" అంది. 'క్కా' కింద ఒత్తు దగ్గర ఆమెకి చెమటలు పట్టాయి. రెండురోజుల తర్వాత, చార్టు మీద మసకబారిన చోట, వంకరటింకరగా తనే రాసింది.

ఈ సంగతి ఊళ్ళో పాకింది. టీచరమ్మ గోడ మీద ఎవరి గురించి ఏం రాస్తుందో తెలియదని, ఎవరింటి కథ కాపాడుకోవడానికి వాళ్ళు రావడం మొదలుపెట్టారు. తమ వాడకి ఆ పేరెలా వచ్చిందో ఒకరు, ఊరికి మొదటి బస్సు వచ్చినరోజు ఎవరెవరు ఎక్కారో ఒకరు చెప్పేవారు. నేను రాయడం, వాళ్ళు పట్టుకోవడం. నా తప్పుల్లో సగం నిజంగా తప్పులు. మిగతా సగం కావాలని చేసినవని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పుకున్నాను. (అదీ నిజం కాదు.)

నెలాఖరున సూపర్‌వైజర్ గారు వచ్చేసరికి వరండా చాలక కొందరు మెట్ల మీద కూర్చున్నారు. గునపం అత్త బావి కథ మొత్తం, పదానికి పదానికి మధ్య ఊపిరి పీల్చుకుంటూ చదివింది. "అతను పైకెక్కాడు" దగ్గర మాత్రం ఎక్కడా ఆగలేదు. ఆయన ముచ్చటపడి, "ఎలా నేర్పావమ్మా?" అని నన్నడిగాడు. నేను గొంతు సవరించుకునేలోపే అత్త అందుకుంది. "ఈ పిల్ల ఏం నేర్పిందయ్యా. అన్నీ తప్పులు రాస్తంది. దిద్దుకోలేక మేమే నేర్చుకున్నాం." ఆయన ఏం అర్థం చేసుకున్నాడో గానీ సెంటర్ ఉంచమని రాసి వెళ్ళాడు.

ఏడాది తర్వాత నేను వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయే ముందురోజు, "మా కథలన్నీ రాశావుగా, నీ కథ మేం రాస్తాం" అని అందరూ కలిసి ఒక కాగితం చేతిలో పెట్టారు. 'టీచరమ్మకి మొదట్లో ఏం తెలవదు. చెప్తే ఇంటది. రోజు వచ్చేది. మాకు మంచిది' అని ఉంది. చదువుతుంటే నా చెయ్యి పెన్ను కోసం వెతుక్కున్న మాట నిజం. 'తెలవదు'ని దిద్దుదామా అని ఒక్క క్షణం అనుకుని మానుకున్నాను. ఆ ఏడాదంతటికీ నేను చేసిన మంచిపని అదొక్కటేనేమో అని ఇప్పుడనిపిస్తుంది. రెండు సంచీలతో బస్సు దిగిన ఆ పిల్ల ఎదురైతే ఏమీ చెప్పను. చెప్పినా ఆ వయసులో అది వినదు. వాళ్ళే వినిపిస్తారు.