ఎర్రబడేదాకా

ఫ్రిజ్జులు బాగుచేసే మా పక్కింటి మామ మీద నాకింకా కోపం పోలేదు. ఎవరేమడిగినా సగం చెప్పి, బీడీ అంటించుకుని, మిగతా సగం పొగతో పాటు మింగేసేవాడు.

మా రాప్తాడు వీధికి నీళ్ల ట్యాంకర్ నాలుగు రోజులకోసారి వచ్చేది. నీళ్లు పట్టే పెద్ద అల్యూమినియం కాగుకు అడుగున చిల్లు పడింది. వీడియోలు చూసి గ్యాస్ టార్చీ, అతుకు కడ్డీలు కొన్నాను. ఎంతసేపు కాల్చాలని గోడ అవతలున్న ఆయన్ను అడిగాను.

"ఎర్రగయ్యేదాంకా కాల్చప్పా," అన్నాడు, బీడీ తీస్తూ.

కాల్చాను. ఎరుపు రానే లేదు. తెల్లగా ఉన్నది తెల్లగానే ఉండి, ఉన్నట్టుండి అడుగంతా కరిగి జారి కింద పడింది. అప్పుడే ట్యాంకర్ హారన్ మోగింది. ఆయన నవ్వినా బాగుండేది, ఇంకో బీడీ అంటించుకున్నాడు.

నెల తరువాత ఆయన ఓ అల్యూమినియం గిన్నె అతుకుతుంటే చూశాను. అతికే చోటు పక్కన ఒంటిసబ్బుతో గీత గీసి వేడిచేశాడు. గీత నల్లబడగానే, ఆ వేడి చాలన్నట్టు, కడ్డీ ఆనించాడు.

"ఈ మాట ఆ పొద్దే చెప్పింటే నీ సొమ్మేం పోతాండె మామా?" అని అరిచాను.

"మా ఉస్తాదు నాకు చెప్పినాడా? మూడు కాగులు పోగొట్టుకొని నేర్చుకుంటి."

మామ ఇప్పుడు లేడు. మొన్న ఎదురింటి అక్క కారే అల్యూమినియం గిన్నె, కొత్త గ్యాస్ టార్చీ పట్టుకుని వచ్చింది. "మామ చెప్పినట్ల ఎర్రగయ్యేదాంకా కాల్చల్ల గదా?" అంది.

"చచ్చినా ఎర్రబడదక్కా!" వీధంతా వినబడేలా అరిచాను.

ఆమె బెదిరిపోయింది. అరిచింది ఆమె మీద కాదని చెప్పలేక, సబ్బుముక్క తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.