ఎనిమిదో టేకు

యలమందయ్య తాత మా కాలేజీ సైకిల్ స్టాండుకి కాపలా. గుంటూరు మిర్చి యార్డులో ముప్పై ఏళ్లు టిక్కీలు, అదే మిరపకాయల బస్తాలు, మోసి మోసి మోకాళ్లు అరిగిపోతే, వచ్చి ఈ కుర్చీలో కూర్చున్నాడు. సినిమా కోర్సులో చేరిన పన్నెండుమందిమీ ఆయన్ని ఒక్క పూట కుదురుగా కూర్చోనిచ్చిన పాపాన పోలేదు. పిలవగానే వచ్చే నటుడు మాకు ఆయనొక్కడే మరి. మూడేళ్లు ఆయన్ని షూట్ చేసిన నాకు, ఇవాళ ఆయన గురించి రాద్దామంటే తెలిసింది ఇంతేనా అని నా మీద నాకే ఒళ్లు మండుతోంది.

మొదటి ఏడాది మొదటి అభ్యాసం, ఒకే షాటు, ఒక నిమిషం. తాత గేటు తీసుకుని లోపలికి రావాలి. వచ్చాడు. వచ్చినవాడు నేరుగా కెమెరా ముందుకొచ్చి, "బానే నడిచానా అమ్మాయ్?" అని అడిగాడు. నేనేమో ట్రైపాడ్ వంకరగా పెట్టి, ఫ్రేములో గేటు సగం కోసేశాను. అది చూసి మా సారు, "తేజశ్రీ, నీకంటే ఆ పెద్దాయనే నయం" అన్నారు.

రెండోది, రెండు షాట్లు కలపడం. తాత కుర్చీలో కూర్చోవడం దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి. దగ్గరి షాటు తీయబోతుంటే తాత చెయ్యెత్తి ఆపాడు. "ఇందాక కండువా ఎడం భుజం మీద ఉంది కదమ్మా?" అన్నాడు. మా అందరి మొహాలూ చూడాలి. ఆ రోజు నుంచి గ్లాసులో టీ ఎంతవరకు ఉందో, చొక్కా గుండీ ఏది ఊడిందో అన్నీ ఆయనకే అప్పజెప్పాం. సౌండు చూసే అయూబ్ అయితే ఆయన్ని కంటిన్యూటీ డిపార్ట్‌మెంటు అనే పిలిచేవాడు.

మూడో ఏడాదికి నాకు పని వచ్చింది. షాటు ఎక్కడ తెంచాలో, వెలుతురు కోసం ఎంతసేపు ఆగాలో తెలిసింది. పని వచ్చినకొద్దీ నోరు కూడా పెరిగింది. మనుషులను అక్కడ నిలబడు, ఇటు తిరుగు అని అరిచి చెప్పడమే దర్శకత్వం అనుకునేదాన్ని.

చివరి పరీక్షకి పద్దెనిమిది నిమిషాల సినిమా. కథ నాదే. ఒక ముసలి రైతు తన కల్లంలో, ఆరబోసిన మిరపకాయల పక్కన చనిపోతాడు. ఇంట్లోవాళ్లు నిద్రపోయాడనుకుంటారు. ప్రత్తిపాడు అవతల ఒక కల్లం అడిగి తీసుకున్నాం. రైతు తాతే.

శవం వేషం వేసినవాడు లేచే ముందు కెమెరా వంక చూసి నవ్వాలి, ఆ నవ్వు కూడా తీయాలి. అలా చేయకపోతే అరిష్టమని సినిమావాళ్ల నమ్మకం. తాత వ్యాన్ దిగుతూనే ఆ మాట ఎత్తాడు. "మా ఆవిడ పిచ్చమ్మకి మాటిచ్చొచ్చా. నవ్వే ముక్క మర్చిపోమాక." 

"మర్చిపోతానా తాతా, మేమూ సినిమావాళ్లమేగా" అన్నాను.

ఇంట్లోవాళ్లకి సంగతి తెలిశాక వచ్చే షాటు అది. ముక్కులో దూది పెట్టాం. నుదుట రూపాయి బిళ్ల అంటించాం. పొద్దు వాలుతోంది, మిరపకాయల మీద ఎర్రటి ఎండ. అంతా బాగుంది, తాత పొట్ట తప్ప. అది లేస్తోంది, పడుతోంది. దానికి తోడు మిరప ఘాటుకి దగ్గు. "పొట్ట కదులుతోంది తాతా! ఊపిరి బిగబట్టు!" ఏడు టేకులు అలాగే పోయాయి. ఎనిమిదోదాంట్లో తాత రాయిలా పడుకున్నాడు. కట్ అన్నాను. అంత గర్వం నాకు జీవితంలో ఎప్పుడూ కలగలేదు.

ఉన్న కాస్త వెలుతురులో ఇంకో షాటు తీసుకోవాలని కెమెరా ఎత్తుకుని కల్లం అవతలికి పరిగెత్తాను. తిరిగి వచ్చేసరికి అయూబ్ వైర్లు చుడుతున్నాడు. తాత మాత్రం దూదితో సహా అలాగే పడుకుని ఉన్నాడు.

"అమ్మాయ్, నవ్వు?"

"వెలుగు పోయింది తాతా. రేపు స్టాండులో తీసేద్దాంలే."

తాత బిళ్ల తీసి అయూబ్ చేతిలో పెట్టి, మోకాళ్లు పట్టుకుని లేచాడు. మర్నాడు నేను మర్చిపోయాను. ఆ మర్నాడూ అంతే. పదకొండో రోజు పొద్దున్నే స్టాండులో, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

ఆ తర్వాత రెండు నెలలు ఎనిమిదో టేకు నన్ను పీడించింది. ఎడిటింగ్ గదిలో దాన్ని తెరిచి, ఒక్కో ఫ్రేమూ జరుపుతూ పొట్ట కదులుతుందేమోనని వెతికేదాన్ని. ఒకసారి కదిలింది. వెనక్కి తిప్పి చూస్తే లేదు. హెడ్‌ఫోన్స్‌లో ఎవరో ఊపిరి తీస్తున్నట్టు వినిపిస్తే అయూబ్‌ని పిలిచాను. వాడు విని, "గాలే, పడుకోవే కాసేపు" అన్నాడు. నేనే చంపానా అని వాడిని అడగడానికి ధైర్యం చాలలేదు.

సినిమా ఇచ్చేయాల్సిన వారంలో పిచ్చమ్మ మామ్మ కాలేజీకి వచ్చింది. ఎడిటింగ్ గదిలో నా పక్కనే కూర్చుంది.

"నవ్వే ముక్క ఉందంటగా, అదొక్కటి చూపించమ్మా. నువ్వు పగలబడి నవ్వించి తీశావని చెప్పాడు మా ఆయన."

నన్ను కాపాడటానికి ఆయన ఇంట్లో అబద్ధం ఆడాడు. నాకు ఏడుపు ఆగలేదు. తీయలేదు మామ్మా, వెలుగు కోసం పరిగెత్తి నేనే మానేశాను, నావల్లే ఇలా అయింది అని అంతా చెప్పేశాను.

"నవ్వకపోతే చచ్చిపోతారా ఎవరన్నా, పిచ్చిదానా" అంది మామ్మ. "ఏది ఉంటే అదే చూపించు."

మొదటి టేకు నుంచి వరసగా పెట్టాను. గది నిండా నా గొంతే. ఊపిరి బిగబట్టు తాతా. బిగబట్టు. ఇంకా. మామ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. నాలుగోదాని దగ్గర నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇట్టా ఎన్నిసార్లు?"

"ఎనిమిది."

"ఆయనకి ఆయాసం కదమ్మా. రెండేళ్లబట్టీ మందులు మింగుతున్నాడు. చెప్పలేదా నీకు?"

"లేదు."

"నువ్వడగలేదా?"

ఆయన చొక్కాకి ఎన్ని గుండీలున్నాయో నాకు తెలుసు. ఒంట్లో ఎలా ఉందని మూడేళ్లలో ఒక్కనాడూ అడగలేదు.

సినిమాలో మొదటి టేకే పెట్టాను. అందులో శవం పొట్ట స్పష్టంగా లేచి పడుతుంది. కాలేజీ హాల్లో వేసినప్పుడు ఒకరిద్దరు నవ్వారు కూడా. మా సారు బయటికి పిలిచి, "మంచి టేకు ఉండగా ఇదేమిటి? మొదటి ఏడాది పిల్లలు చేసే తప్పు. రేపటిలోగా మార్చు, మార్కులు పోతాయి" అన్నారు.

మార్చలేదు. ఆయన్ని ఇంకొక్కసారి ఊపిరి బిగబట్టించడం నావల్ల కాలేదు.